సర్కారు ముంత

"ఒక్క ముంత. ఒక్కటంటే ఒక్క ముంత పొయ్యమంటున్నరు. పోస్తే నీ చెయ్యేమన్న అరుగుతదా?"

హనుమంతు వంటింటి గడపలో నిలబడి, వసారాలో కూర్చున్న పెద్దమనుషులకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు. భాగమ్మ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. పొయ్యి మీద గుడాలు ఉడుకుతున్నాయి. తన బతుకు తేల్చడానికి వచ్చిన మగవాళ్ళకు కల్లులో నంజుకోవడానికి తానే శనగలు ఉడకబెట్టాల్సి వచ్చింది. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు గరిటె తీసి పొయ్యిలో పెట్టాలనిపించింది.

వసారాలో బిచ్చయ్య కాండ్రించి ఉమ్మాడు. ఎక్కడ ఉమ్మాడో చూడకుండానే ఆమెకు తెలుసు. పొద్దున తాను కడిగిన బండల మీదే.

బిచ్చయ్య ఆమె మొదటి మొగుడు. కుల్కచర్లలో అతనితో చేసిన కాపురానికి గుర్తుగా ఆమె ఎడమ మణికట్టు ఇప్పటికీ వంకరగానే ఉంది. ఆ చెయ్యి విరిగిన ఏడే తండ్రి చంద్రప్ప ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. తాండూరులో కులపెద్దల ముందు, ముడి తెగిందనడానికి పుడక తెంపించి విడుదల చేయించాడు. తర్వాత అదే ఊళ్ళో జంగప్ప కొడుకు హనుమంతుకు మారుమనువు ఇచ్చాడు. అదంతా జరిగి పదమూడేళ్ళు దాటింది. చంద్రప్ప, ఆనాటి కులపెద్దలు మట్టిలో కలిశారు. భాగమ్మకు ఒక కూతురు పుట్టి, గౌను విడిచి లంగా కట్టే వయసుకు వచ్చింది.

ఇన్నేళ్ళ తర్వాత నిన్న పొద్దున బిచ్చయ్య చంకలో మూటతో వచ్చి వసారాలో చతికిలబడ్డాడు. విడుదల నాడు పుడక తెంపారే కానీ తనకు ఎవ్వరూ కల్లు పోయలేదని, పోయని విడుదల విడుదలే కాదని, భాగమ్మ ఇంకా తన పెళ్ళామేనని వీధి వీధంతా వినేటట్టు చెప్పాడు. రెండో పెళ్ళాం కిందటి వానాకాలం లేచిపోయిందట. ఊళ్ళో వాళ్ళు నవ్వుతుంటే, పాత లెక్క ఒకటి మిగిలిందని వాడికి గుర్తొచ్చింది.

వాడి మాటను కొట్టిపారేయడానికి లేదు. వాళ్ళ కులంలో పుడక తెగడంతోనే తెగతెంపులు అయిపోవు. విడిపోయే ఆడదాని తరఫువాళ్ళు తమ చేత్తో కల్లు పోయాలి, ఆ మొగుడు అక్కడికక్కడే తాగాలి. ముంత దిగితేనే ముడి తెగినట్టు. పోయకపోతే విడుదల లేదు. విడుదల లేకపోతే మారుమనువు లేదు. మారుమనువు లేకపోతే పద్మ ఎవరి బిడ్డ? ఆ మాట వీధిలో ఎవరైనా అంటే ఆ పిల్ల విననక్కరలేకుండా భాగమ్మ దాన్ని పొద్దున్నే పక్కింటి జంగమ్మ దగ్గర వదిలిపెట్టింది.

"గోటితోని పొయ్యేదానికి గొడ్డలి ఎందుకే?" అన్నాడు హనుమంతు. "పోస్తవు, తాగుతడు, పోతడు. పెద్దమనుషులు గూడ గదే అంటున్నరు. మీ నాయిన లేడు గాబట్టి నువ్వే పొయ్యాలంటున్నరు."

"వాని ముందల నిలవడి, వాని ముంతల నేను పొయ్యాలె."

"కండ్లు మూసుకొని పొయ్యి."

భాగమ్మ అతని వైపు చూసింది. ఈ మనిషి పెళ్ళయిన నాటి నుంచి ఆమె మీద చెయ్యెత్తలేదు. కొట్టని మొగుడు దొరికాడని ఆమె ఇన్నేళ్ళూ ఎల్లమ్మకు దండం పెట్టుకుంది. కొట్టకపోవడం ఒక్కటీ ఉంటే చాలదని నిన్నటి నుంచి తెలిసివస్తున్నది.

మూలన కల్లు లొట్టి ఉంది. మూతి మీద నురుగు, నురుగు మీద ఈగలు. పొద్దున లేదు అది అక్కడ.

"ఎవ్వరు తెచ్చిండ్రు?"

"నేనే తెచ్చిన." అతను చూపు పక్కకు తిప్పాడు. "పెద్దమనుషులు వస్తున్నరని."

పెద్దమనుషులు వచ్చి పట్టుమని రెండు మాటలు మాట్లాడక ముందే, ఆమె పోయాల్సిన కల్లు ఇంటికి వచ్చేసింది. భాగమ్మ గుడాలు వార్చింది. ఉప్పు వేయలేదు. హనుమంతు వసారాలోకి పోయాడు.

చింత చచ్చినా పులుపు చావదంటారు. ఈ ఇల్లు సరిగ్గా అలాంటిది. ఒకప్పుడు ఇది కల్లు దుకాణం. తాండూరు స్టేషన్ వీధిలో జంగప్ప తండ్రి పెట్టిన దుకాణం. బొంరాస్‌పేట నుంచి కందుల బండ్లు తెచ్చినవాళ్ళు ఇక్కడే ఎడ్లు విప్పేవాళ్ళు. సంబంధాలు ఇక్కడే కుదిరేవి, ఇక్కడే చెడేవి. దుకాణం పోయి ఇన్నేళ్ళయినా, గోడలకు ఎన్ని సున్నాలు కొట్టినా, బండలు పీకి మళ్ళీ పరిపించినా, వాన పడితే చాలు సందుల్లోంచి పులిసిన కంపు లేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో భాగమ్మ ఆ కంపుకు అన్నం తినలేకపోయేది. తర్వాత అలవాటైందనుకుంది. అలవాటు కాలేదని ఈరోజు ఆ లొట్టి చూశాక తెలిసింది.

వసారాలో జంగప్ప గొంతు లేచింది. ముసలాయన మొదలుపెట్టాడు. ఈ కథ భాగమ్మ ఎన్నిసార్లు విన్నదో. వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాడు, విననివాడికి మరీ చెబుతాడు.

పోలీసు యాక్షను ఏడు స్టేషన్ దగ్గర మిలిట్రీ దిగింది. దిగిన సిపాయిలు, ఊళ్ళో జనం ఒక్క దుకాణంలోనే తాగి కొట్టుకుంటున్నారని, స్టేషన్ పక్కనున్న ఈ దుకాణాన్ని ఒక ఆఫీసరు సర్కారు కిందికి తీసుకున్నాడు. నిన్నటిదాకా యజమాని అయిన జంగప్ప పొద్దున లేచేసరికి సర్కారు నౌకరు అయ్యాడు. ఖాకీ కోటు ఇచ్చారు. దాని మీదికి ఇత్తడి బిళ్ళ ఇచ్చారు.

ఆఫీసరు పద్ధతులు ఆఫీసరువి. బల్లలు తీసేయించాడు. ముందు తలుపు మూయించి, గోడకు చువ్వల కిటికీ కొట్టించాడు. ఒక మనిషికి ఒక ముంత, అది కూడా సర్కారు ముంత. నిలబడి తాగాలి, తాగి పోవాలి. పొద్దు గుంకకముందే కిటికీ మూయాలి. అన్నిటికంటే పెద్ద హుకుం ఇంకొకటి. ఒకరికొకరు పోయరాదు. మనిషి తన దాహానికి తాగితే ఒక్క ముంతతో ఆగుతాడని, పక్కవాడు పోస్తేనే ఒళ్ళు మరిచిపోతాడని ఆ ఆఫీసరు సిద్ధాంతం. అన్న పోస్తే తమ్ముడు తాగరాదు. మామ పోస్తే అల్లుడు తాగరాదు.

జంగప్పకు ఆ హుకుం మహా నచ్చింది. సొంత దుకాణం ఉన్నన్నాళ్ళు రమ్మని, తాగమని పిలిచిన నోరే, అమ్మినా అమ్మకపోయినా జీతం వస్తుందని తెలిశాక తాగొద్దని నీతులు చెప్పడం మొదలుపెట్టింది. పదిమంది దుకాణం అది, పదిమందీ ముఖం గోడవైపు తిప్పుకుని తాగే దుకాణమైపోయింది. సర్కారు ఆ ముచ్చట రెండేళ్ళకే మానుకుంది. కల్లు వేలంపాటకు పోయింది, ఊరి అవతల ఎవడో కాంట్రాక్టరు దుకాణం తెరిచాడు. ఖాళీ ఇల్లు, ఇత్తడి బిళ్ళ జంగప్పకు మిగిలాయి. ఆ బిళ్ళను ఆయన ఇప్పటికీ చింతపండుతో తోముకుంటాడు.

"నా కిటికి కాడ ఒక్క బొట్టు ఒకని ముంతలకెల్లి ఇంకొకని ముంతల పడలె," అంటున్నాడు జంగప్ప. "ఆఫీసరు నా భుజం తట్టి పోయిండు. ఆ దినం చంద్రప్ప వచ్చి కాళ్ళు పట్టుకున్నడు, విడుదల కల్లు, జర పోసుకోనియ్యి అని. కానూను కానూనే అన్న. బిచ్చయ్య చెప్పేది నిజమే. పోసుకోలె."

చెప్పేటప్పుడు ఆయన గొంతులో సిగ్గు లేదు, బాధ లేదు. ఉన్నదల్లా గర్వం. తన కోడలి కాపురం కూలిపోతుంటే, తన దుకాణం ఎంత గట్టిగా నడిచిందో దానికి అదే సాక్ష్యమన్నట్టు చెబుతున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాణ్ణి అందరూ చూసి ఉంటారు. కుందేలు చస్తున్నా కాళ్ళు లెక్కబెట్టుకుంటూ కూర్చునేవాడు జంగప్ప ఒక్కడే.

భాగమ్మ గుడాల గిన్నె వసారా గడపలో పెట్టి లోపలికి వచ్చింది.

వంటింటి మూలన అత్త శాంతవ్వ బియ్యం చెరుగుతూ కూర్చుంది. నిన్నటి నుంచి ఆమె నోట మాట భాగమ్మ వినలేదు. మామూలుగా కూడా అంతే. నోట్లో నాలుక లేని మనిషని వీధంతా అంటారు. జంగప్పతో కాపురం చేసినదానికి నాలుక ఉండి చేసేదేముందని భాగమ్మ అనుకునేది.

చేట ఆగింది.

"పోసిండ్రు," అంది శాంతవ్వ.

భాగమ్మకు మొదట అర్థం కాలేదు.

"విడుదల నాడు. నేనే పోసిన."

శాంతవ్వ తల ఎత్తకుండా, చేటలోని బియ్యానికి చెబుతున్నట్టు చెప్పింది. ఆరోజు చంద్రప్ప ముందు కిటికీ దగ్గర బతిమాలి బతిమాలి, చివరికి దుకాణం వెనక్కి వచ్చి కూలబడ్డాడట. తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడ్చాడట. బిడ్డ చెయ్యి విరిగింది, ఇంకొకసారి పంపితే మెడ విరుగుతుందన్నాడట. శాంతవ్వ అప్పటికి భాగమ్మను చూడనైనా చూడలేదు. కానీ లోపల ముంతలు కడుగుతున్న ఆమెకు ఆ మాట వినబడింది. చంద్రప్ప కొనుక్కున్న ముంత తీసుకుని, బిచ్చయ్యను వెనక కిటికీ దగ్గరికి పిలిపించి, చంద్రప్ప చేతిని తన చేత్తో పట్టుకుని పోయించింది. బిచ్చయ్య తాగాడు. మూతి తుడుచుకుని, ఇంకో ముంత లేదా అని కూడా అడిగాడు. బయటపడితే ఠాణాకు పోతారని చంద్రప్ప ఆ మాట బిడ్డకు కూడా చెప్పలేదు.

"మామకు తెల్వదా?" అంది భాగమ్మ.

"కిటికి రెక్క దగ్గరకేసింది ఎవ్వరనుకున్నవు?"

భాగమ్మ అత్త ఎదురుగా కూర్చుంది. కంచే చేను మేసింది, కంచెకూ తెలుసు. తెలిసీ ఆ ముసలాయన వసారాలో కూర్చుని బొట్టు పడలేదంటున్నాడు. తెలిసీ బిచ్చయ్య తనకు పోయలేదంటున్నాడు. జంగప్ప ఎన్నటికీ నోరు విప్పడని వాడికి తెలుసు, ఆ ధైర్యంతోనే వచ్చాడు.

విప్పలేడు కూడా. పంచాయితీకి పెద్దగా కూర్చున్నవాడు కోట్‌పల్లి మల్లయ్య. మల్లయ్య తమ్ముడు హన్మయ్య ఆ రోజుల్లో పండగపూట అల్లుడికి సగం ముంత పోసినందుకు జంగప్ప అతన్ని ఠాణాకు పట్టిచ్చాడు. బయటికి వచ్చాక హన్మయ్య తలెత్తుకుని తిరగలేదు, ఎక్కువ కాలం బతకనూ లేదు. ఆ అన్న ముందు, నా ఇంట్లోనే పోశారు, చూసి కిటికీ మూశాను అని జంగప్ప ఎట్లా చెబుతాడు? దాని కంటే కోడలు వెళ్ళి ఆ వెధవకు పోస్తే పోయేదేముంది. ఆయన బిళ్ళకు మచ్చ రాదు.

"అత్తా, నువ్వొచ్చి ఆ మాట చెప్పు," అంది భాగమ్మ. "ఒక్క మాట."

శాంతవ్వ చేట మళ్ళీ అందుకుంది. మగవాళ్ళ పంచాయితీలోకి తాను ఎన్నడూ పోలేదని, పోతే ఆయన ఊరుకోడని, ఈ వయసులో తనను ఎవరు చూస్తారని గొణిగింది. బియ్యంలో రాళ్ళు లేకపోయినా ఏరుతూ కూర్చుంది. భాగమ్మ ఆమె చేతులు పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి, విడిపించుకున్నాయి.

బయటి నుంచి బిచ్చయ్య పిలిచాడు. "ఏంది, లోపల్నే ఉంటదా? నా నోరు ఎండిపోతున్నది."

ఎవరో నవ్వారు. భాగమ్మ లేచింది. లొట్టి ఎత్తి చంకన పెట్టుకుంటే నురుగు పొంగి రవికె తడిసింది. నడిచి వసారాలోకి పోయింది.

అయిదారుగురు మగవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చున్నారు. మల్లయ్య మధ్యలో ఉన్నాడు. జంగప్ప స్తంభం దగ్గర, వేసవి వేడిలో కూడా ఆ పాత ఖాకీ కోటు తొడుక్కుని కూర్చున్నాడు. హనుమంతు నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు. గుడాల గిన్నె అప్పటికే సగం ఖాళీ. ఉప్పు లేదని ఒకడు అంటున్నాడు, తింటూనే ఉన్నాడు.

బిచ్చయ్య ముంత ముందుకు చాపాడు. వయసు వాడిని ఏమీ మార్చలేదు. ముందు పళ్ళు రెండు పోయాయి, అంతే. ఆమెను కాళ్ళ నుంచి పైదాకా చూసి, తడిసిన రవికె దగ్గర చూపు ఆపాడు.

"నిండుగ పొయ్యి," అన్నాడు. "అలవాటున్న చెయ్యే గద."

హనుమంతు విన్నాడు. విని, గోళ్ళు చూసుకోవడం మానలేదు.

భాగమ్మ లొట్టి దింపి నేల మీద పెట్టింది.

"పోస్త. ఒక్క మాట అడిగి పోస్త. ఆ దినం నీకు ఎవ్వరు పోయలేదా?"

"చెప్పిన గద. లేదు."

"ఎల్లమ్మ మీద ఒట్టేసి చెప్పు."

బిచ్చయ్య మల్లయ్య వైపు చూసి, ఆడదాంతో ఒట్లేంటని నవ్వాడు. మల్లయ్య నవ్వలేదు. వెయ్యమన్నట్టు తల ఊపాడు. బిచ్చయ్య వేశాడు. వేసేటప్పుడు నాలుకతో పెదవులు తడుపుకున్నాడు.

భాగమ్మ జంగప్ప వైపు తిరిగింది. ఆయన ముందు తల మీద కొంగు లేకుండా ఆమె ఎన్నడూ నిలబడలేదు. ఇప్పుడు కొంగు ఎక్కడుందో ఆమెకు పట్టలేదు.

"మామా, నువ్వు చెప్పు. ఎవ్వరు పోయలేదా?"

ముసలాయన బిళ్ళ మీద చెయ్యి వేసుకున్నాడు. "నా దుకాణంల ఒకరికొకరు పోసుకోలె."

"కిటికి రెక్క ఎందుకు దగ్గరకేసినవు మరి?"

నములుతున్నవాడు నమలడం ఆపాడు. జంగప్ప ముఖం మొదట తెల్లబోయి, తర్వాత నల్లబడింది. కోడలు కోడలి లెక్కన ఉండాలని, నోటికి ఏదొస్తే అది మాట్లాడితే ఇల్లు కాదు సంత అవుతుందని మల్లయ్యకు చెప్పాడు, భాగమ్మకు కాదు.

మల్లయ్య భాగమ్మను అడిగాడు, కిటికీ సంగతి ఏమిటని. చూసినవాళ్ళు ఎవరని. భాగమ్మ నోరు తెరిచింది. చూసినదాని పేరు చెబితే, ఆమె వచ్చి కాదంటే? ముసలాయన ఒక్క చూపు చూస్తే శాంతవ్వ కాదనే అంటుంది. అన్నదా, ఇక దారి లేదు. ఈ లొట్టి ఎత్తి వాడికి పోయాల్సిందే, పోసి కూతురి ముఖం చూడాల్సిందే.

"నేను పోసిన."

శాంతవ్వ వంటింటి గడప దాటి వచ్చింది. చేట ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. అంతమంది మగవాళ్ళ ముందు మాట్లాడటం ఆమెకు ఇదే మొదలు. అయినా అంతా చెప్పింది. చంద్రప్ప ఏడవడం, వెనక కిటికీ, బిచ్చయ్య ఇంకో ముంత అడగడం. చివరికి జంగప్ప వైపు చూడకుండానే, ఆయన చూశాడని, చూసి రెక్క వేశాడని కూడా చెప్పింది.

"ఆ మాట అన్న నోటికి ఈ ఇంట్ల బువ్వ లేదు," అన్నాడు జంగప్ప.

"నలభై ఏండ్లు తిన్న. చాలు," అంది శాంతవ్వ.

మల్లయ్య చూపు ఆ ఖాకీ కోటు మీద ఉంది.

"మా హన్మయ్య పోసింది సగం ముంత," అన్నాడు. "వాని అల్లునికి. పండుగ పూట."

జంగప్ప ఏదో చెప్పబోయాడు. కానూను అని ఒక ముక్క బయటికి వచ్చింది, మిగతాది రాలేదు. స్తంభం పక్కకు ఒత్తిగిల్లి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. జాలిపడాల్సిన ముసలాయనే. భాగమ్మకు జాలి రాలేదు. ఎంత వెతికినా రాలేదు.

బిచ్చయ్య ఎవరికీ చెప్పకుండా మూట సర్దుకుంటున్నాడు. ఎల్లమ్మ మీద దొంగ ఒట్టు వేసినందుకు కులం వాడితో ఏం చేస్తుందో కోట్‌పల్లిలో తేలుస్తానని మల్లయ్య అన్నాడు. వాడు అది వినిపించుకోనట్టే, పోతూ పోతూ గిన్నెలోంచి గుప్పెడు గుడాలు తీసుకుని, నములుతూ మెట్లు దిగాడు. సిగ్గు అనేది వాడి ఇంటా వంటా లేదు.

మల్లయ్య శాంతవ్వ వైపు తిరిగాడు. అవ్వ ఈ మాట నిన్ననే చెప్పి ఉంటే ఇంతమందిమి పనులు చెడగొట్టుకుని వచ్చేవాళ్ళం కాదు కదా, కోడలు ఇంత పరేషాన్ అయ్యేది కాదు కదా అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

"నిన్ననే చెప్పిన గదయ్యా," అంది శాంతవ్వ. "వాడు వచ్చి కూసున్నంక పొద్దుగాలనే చెప్పిన. నా కొడుక్కు."

అందరూ హనుమంతు వైపు చూశారు.

అతను ముందు తల్లిని చూశాడు, తర్వాత గోడవైపు తిరిగిన తండ్రి వీపును చూశాడు. భాగమ్మను చూడలేదు. నాయన ఇజ్జత్ పోతుందని ఊకున్నానన్నాడు. ఒక్క ముంతతో పోయేది కదా అన్నాడు. ఎవరికీ నష్టం లేకుండా సర్దుదామనుకున్నానని, తాను చేసింది ఇంటి మంచికేనని అన్నాడు. ఎవరికీ నష్టం లేదన్నప్పుడు ఆ లెక్కలో భాగమ్మ లేదు.

నిన్న పొద్దున్నే అతనికి తెలుసు. తెలిసి రాత్రి పక్కన పడుకుని నిద్రపోయాడు. తెలిసి తానే పోయి కల్లు తెచ్చి మూలన పెట్టాడు. కళ్ళు మూసుకుని పొయ్యమన్నాడు.

మల్లయ్య గొంతు సవరించుకున్నాడు. ఎంతైనా పెద్దమనిషి, సంసారాలు నిలబెట్టడానికి వచ్చినవాడు, జరిగిందేదో జరిగిందని పంచాయితీ ముగించాడు. "విడుదల పూర్తిగ అయింది. మారుమనువు నిలవడ్డది. భాగమ్మ హనుమంతు పెండ్లం. పద్మ ఈ ఇంటి బిడ్డ. ఇగ దీని మీద ఎవ్వరు నోరు తెరవద్దు."

అందరూ సరే సరే అన్నారు. ఒక్కొక్కరే లేచి తువ్వాళ్ళు దులుపుకున్నారు. హనుమంతు ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. పెద్ద బరువేదో దిగినట్టు ఊపిరి వదిలి, నిన్నటి నుంచి మొదటిసారి పెళ్ళాం వైపు తిరిగి నవ్వాడు కూడా.

"అయిపాయె గదా. ఇగ ఫికర్ లేదు. పోయి బువ్వ వడ్డించు, అందరు ఆకలి మీదున్నరు."

హనుమంతు పెళ్ళాం. పొద్దున్నుంచి ఆ ఒక్క మాట కోసం ఆమె మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు పదిమంది ముందు పెద్దమనిషి నోట ఆ మాట వచ్చింది, కులమంతా తల ఊపింది, ఇక ఎవ్వరూ కాదనలేరు. అది చెవిన పడగానే భాగమ్మకు అసహ్యమేసింది. తన పెళ్ళామేనని బిచ్చయ్య అన్నప్పుడు వేసినట్టే, అంతకంటే కొంచెం ఎక్కువగానే.

ఆమె లోపలికి పోలేదు.

"కూసోండ్రి పెద్దయ్యా," అంది. "ఇంకొక పంచాయితీ ఉన్నది."

సగం లేచిన మల్లయ్య అట్లాగే ఆగిపోయాడు. "ఎవ్వరిది?"

"నాది," అంది భాగమ్మ. "ఈయనతోని."